పగ్గం మార్చని గుర్రం

ప్రొద్దుటూరు,
4 సెప్టెంబరు 1989.

తమ్ముడు అమీర్ బాషాకు, అక్క హజరాబీ సలాం.

మేమంతా కులాసా అని మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను. మీ బావ మోకాలు మాత్రం ఇంకా వంగడం లేదు. జట్కా ఎక్కాలంటే ఇద్దరు చెయ్యివ్వాలి, దిగాలంటే అల్లా చెయ్యివ్వాలి. నువ్వు హాజీ గారి చేత పంపిన తైలం రోజూ రుద్దుతున్నాను. వాసన బాగుంది, గుణం ఇంకా తెలియలేదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాం. తిట్టదలిస్తే నన్ను తిట్టు, బావను తిట్టొద్దు. నూరీని అమ్మాలనుకున్నాం. అది నీ గుర్రమని, నాయన పోతూ పోతూ దాన్ని నీ చేతిలోనే పెట్టాడని నాకు తెలుసు. కానీ నువ్వు కువైట్ పోయి మూడేళ్ళయింది. గాంధీ రోడ్డు నిండా ఆటోలే. స్టాండులో నాలుగు జట్కాలు మిగిలాయి, అవి పొద్దుగూకులూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ నిలబడతాయి. పెళ్ళి ఊరేగింపుకు కూడా ఇప్పుడు పెళ్ళికొడుకులకు పూలు కట్టిన కారే కావాలట. ఉలవలు పెట్టలేక ఎండుగడ్డితో సరిపెడుతున్నాం. నూరీ పక్కటెముకలు బయటపడ్డాయి. అది నావైపు చూస్తే నేను పని ఉన్నట్టు వంటింట్లోకి పోతాను.

పోయిన వారం జమ్మలమడుగు అవతల ఎర్రమిట్టపల్లె నుంచి దేవపాలు అనే ఆయన వచ్చాడు. ఆ ఊరి పెద్దాయనకు జీపు తోలుతాడు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడే మనిషట, మాట మెత్తన. పెద్దాయనకు తెల్లగుర్రం కావాలి, పదిరోజులు దగ్గర పెట్టుకుని నడక చూసుకుంటారు, నచ్చితే బేరం, నచ్చకపోతే తెచ్చి మళ్ళీ మన వాకిట్లో కట్టేస్తారు అన్నాడు. మీ బావ సంబరం నువ్వు చూడాల్సింది. నూరీ గుణాలు ఒక్కటి వదలకుండా చెప్పాడు. "కాళ్ళకింద పటాసుల సరం పేల్చినా ఇది అడుగు కదపదప్పా. ఆడనే నిలబడతాది" అని, నమ్మకం కోసం వీధిలో ఒక సరం అంటించి చూపించాడు కూడా. అది చెవి కూడా ఆడించలేదు. దేవపాలు నోరు తెరుచుకుని చూశాడు.

నాయన పద్ధతి తప్పలేదు. మన పగ్గంతోనే పంపాం. మన పగ్గం మెడలో ఉన్నంతకాలం గుర్రం మనదే, దాని మంచీ చెడ్డా మనవే. కొన్నవాడు కొత్త పగ్గం కట్టి పాతది మన చేతికిచ్చిన రోజే బేరం ముగిసినట్టు. కాబట్టి ఇంకా ఏమీ మునిగిపోలేదు. నువ్వు సరేనంటేనే పగ్గం తీసుకుంటాం.

ఏప్రిల్‌లో నీ రాక కోసం పులివెందులలో లాల్‌బీ వదిన ఎదురుచూస్తోంది. నీకు కుదిరిన వాళ్ళ పిల్ల ఖమ్రున్నీసా నీ ఫోటో చూసి, చిక్కినట్టున్నాడే అందట. వేళకు తిను.

ఇంతే సంగతులు, కోపం తగ్గాక జవాబు రాయి.
అక్క హజరాబీ.


కువైట్,
20 సెప్టెంబరు 1989.

అక్కా, సలాం.

కోపం తగ్గాక రాయమన్నావు. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

నేనిక్కడ ఏం పని చేస్తున్నానో నీకు తెలుసు కదా. మా యజమాని అర్బాబుకు పద్నాలుగు గుర్రాలు. పోయిన నెల ఒకదాన్ని ఇలాగే అమ్మకానికి ముందు పదిరోజుల పరీక్షకు పంపాడు. పంపేముందు డాక్టరును పిలిచి కాళ్ళూ పళ్ళూ చూపించి కాగితం రాయించాడు. ఎవరు ఎక్కాలి, ఏ గోడ దాటి బయటికి తీసుకుపోకూడదు, కాలు విరిగితే ఎవరిది తప్పు, అది ఎవరినైనా తన్నితే ఎవరిది తప్పు, అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆపైన గుర్రంతోపాటు నన్నూ పంపాడు. పదిరోజులూ దాని పక్కనే ఉన్నాను. మీరు ఇందులో ఒక్కటైనా చేశారా? ఎవడో మెత్తగా మాట్లాడాడని గుర్రాన్ని తోలేసి, పైగా పటాసులు పేల్చి వేడుక చేశారు.

పెద్దాయనకు తెల్లగుర్రం ఎందుకో బావకు తెలియదా? పొలానికి పోవడానికి జీపుంది. ఎలక్షన్లు వస్తున్నాయని ఇక్కడ మనవాళ్ళందరూ చెప్పుకుంటున్నారు. ఆ ఊళ్ళో రెండు పార్టీలు. ఈ ఇంటి మనిషి ఆ వీధిలో నడవడు. అక్కడ గుర్రానికి కూడా పార్టీ ఉంటుందక్కా. నాయన ముప్పై ఏళ్ళు జట్కా తోలాడు, ఒక్కరోజు ఒక పార్టీ వాళ్ళ ఊరేగింపుకు గుర్రాన్నివ్వలేదు. పెళ్ళికి అడిగితే ఇచ్చాడు, దర్గా ఉర్సుకు అడిగితే ఇచ్చాడు, జెండాకు అడిగితే గుర్రానికి కడుపునొప్పి అని చెప్పి పంపేవాడు.

వెంటనే తెప్పించండి. ఒకవేళ వాళ్ళు పగ్గం తెచ్చి చేతికిచ్చినా నా మాట లేనిదే ముట్టుకోవద్దు. ఉలవలకు నేను పంపుతాను. ఇన్నాళ్ళూ అడగకపోవడం మీ తప్పు, తెలుసుకోకపోవడం నాది.

ఖమ్రున్నీసాకు చెప్పు, ఇక్కడి ఎండకు ఒంటెలే చిక్కిపోతాయి, నేనెంత.

అమీర్.


ప్రొద్దుటూరు,
5 అక్టోబరు 1989.

తమ్ముడూ, చీవాట్లన్నీ అందాయి. ఒక్కటీ వృథాగా పోలేదు.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. మంగళవారం పొద్దున్నే దేవపాలు వచ్చాడు. పదిరోజులన్నది నెలరోజులయిందేమప్పా అని బావ అడగబోతే, ఆయన నవ్వుతూ సంచిలోంచి మన పగ్గం తీసి బావ ముందు పెట్టాడు. దాని పక్కన డబ్బూ పెట్టాడు. "పెద్దాయనకు శానా నచ్చింది మామా. చిన్నాయన అయితే దిగనే దిగడు. పెద్దాయన ఎవరూ ఇయ్యనంత ధర పలికినాడు, తీసుకో" అన్నాడు. చిన్నాయన అంటే పెద్దాయన కొడుకు. నిజంగానే అది మేము అడగాలనుకున్న దానికన్నా ఎక్కువే.

నీ మాట తలకెత్తుకున్నాం. బావ ఆ రెండింటినీ ముట్టుకోకుండా చేతులు జోడించాడు. "గుర్రం నా బామ్మర్దిదప్పా. వాడు కువైట్లో ఉండాడు. వాని మాట వచ్చేదాంక పగ్గం మళ్ళీ దాని మెడకే కట్టండి" అన్నాడు. దేవపాలు ముఖం పాలిపోయింది. పెద్దాయన పంపింది తిప్పి పంపిన వాడు ఇంతవరకు లేడట. ఈ మాట అక్కడ ఏ నోటితో చెప్పాలో తెలియడం లేదని గడపలోనే చాలాసేపు కూర్చున్నాడు. టీ ఇస్తే తాగకుండా చల్లార్చి పోయాడు.

గుర్రాన్ని తెప్పించమని నువ్వన్నది కూడా బావ అడిగాడు. ఎలక్షన్ల దాకా ఉండనీ మామా, ఇప్పుడు అడిగితే వేరే రకంగా అనుకుంటారని దేవపాలు సర్దిచెప్పాడు. ఊరేగింపులకు తిప్పుతున్నమాట నిజమేనట. కానీ బాగా మేపుతున్నారట, ఒళ్ళు నిగనిగలాడుతోందట. అది విని నాకు సంతోషం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

అమీర్, నాకు భయంగా ఉంది. ఇలాంటి మనిషికి కాదని చెప్పి ఊరికే ఉండడం మంచిది కాదు. సరే అని ఒక్క ముక్క రాయి. దేవపాలు మళ్ళీ వస్తే పగ్గం తీసుకుని దండం పెట్టి తలుపేసుకుంటాం. గుర్రం పోతే పోనీ.

నీ జవాబుకు గుమ్మంలో కాచుకుని ఉండే
అక్క.


కువైట్,
12 అక్టోబరు 1989.

అక్కకు.

నీ ఉత్తరం ఇంకా రాలేదు. రాకపోవడానికి కారణం మాత్రం తెలిసింది.

నిన్న జమ్మలమడుగు కమాల్ బాషా కొత్తగా ఇక్కడికి వచ్చి దిగాడు. మన వైపువాడని పరిగెత్తుకుని పోయాను. అతను చెప్పిన మొదటి కబురు, మీ నూరీని చూశానని. మెడ చుట్టూ జెండా గుడ్డ చుట్టి, నుదుటికి బొట్టుపెట్టి, చిన్నాయనను ఎక్కించుకుని బజారంతా తిరిగిందట. పెద్దాయన ప్రొద్దుటూరు సర్దార్ దగ్గర, అంటే మన బావ దగ్గర, కొన్నాడని జమ్మలమడుగులో పిల్లాజెల్లా అందరికీ తెలుసట. నాకొక్కడికే తెలియదు.

అమ్మేశామని నాలుగు అక్షరాలు రాయించడానికి బావకు నోరు రాలేదు. పరీక్షకు పంపామని, నాయన పద్ధతని, పగ్గమని కథ రాయించాడు. అక్కా, నువ్వు అబద్ధం రాయవు, నీ చేత రాయించాడు. నేనిక్కడ పరాయివాడి గుర్రాల పేడ ఎత్తుతూ, ఏప్రిల్‌లో ఇంటికి వచ్చి నా గుర్రమెక్కి పెళ్ళికొడుకునవుతానని అందరికీ చెప్పుకుంటున్నాను. బావ దాన్ని జెండాకు అమ్ముకున్నాడు.

ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. మగవాడైతే నా గుర్రాన్ని తెచ్చి నా వాకిట్లో కట్టమను. అంతదాకా నాకు బావ లేడు.

అమీర్ బాషా.


కువైట్,
20 అక్టోబరు 1989.

అక్కా, అక్కా,

నీ ఐదో తారీకు ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. నేను మొన్న రాసింది చేరకముందే ఇది చేరాలని నిలబడే రాస్తున్నాను. అది వస్తే చింపెయ్యి. బావకు చూపించొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చదివి వినిపించొద్దు. కమాల్ బాషా చెప్పింది విని నా ఒళ్ళు మండిపోయి నోటికొచ్చినట్టు రాశాను. పెద్దాయన డబ్బు ముందుపెడితే నా మాట కోసం చేతులు జోడించిన మనిషిని నేనేమన్నానో తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

నాకు సమ్మతమే. పగ్గం తీసుకోండి. ఎంతిస్తే అంత తీసుకోండి. ఇవ్వకపోయినా తీసుకోండి. గుర్రం మనది కాదని ఊరందరి ముందు చెప్పించుకుని బావను ఇంటికి రమ్మను.

నీ తొందరపాటు తమ్ముడు,
అమీర్.


ప్రొద్దుటూరు,
30 అక్టోబరు 1989.

అమీర్, ఇది కుదురుగా రాయలేను. వరస తప్పితే ఏమీ అనుకోవద్దు.

నీ పన్నెండో తారీకు ఉత్తరం బుధవారం వచ్చింది. నేను చదువుతుంటే బావ వినడం మనింట్లో అలవాటు కదా. సగంలో ఆపేశాను. మిగతాది క్షేమసమాచారాలే అన్నాను. బావ నా ముఖం చూసి, "అంతా చదువు" అన్నాడు. చదివాను. నాకు బుద్ధి లేకపోయింది. ఏదో ఒకటి కల్పించి చదివి ఉంటే సరిపోయేది. గురువారం మొదటి బస్సుకు బావ ఆ కాలుతోనే ఎర్రమిట్టపల్లెకు పోయాడు.

అక్కడ మర్నాటి పెద్ద ఊరేగింపుకు గుర్రాన్ని కడుగుతున్నారట. రేపు అయిపోయాక తోలుకుపో అన్నారట. బావ వినలేదు. రేపటికి ముందే కావాలి, ఈరోజే ఇప్పించండి అని పదిమందిలో పెద్దాయన ముందు పట్టుబట్టాడు. నీ మాట అంత గట్టిగా గుచ్చుకుంది బావకు. వాళ్ళు నవ్వి పంపించేశారు. సాయంత్రం వట్టి చేతులతో వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం ఊరేగింపు జమ్మలమడుగు రోడ్డెక్కగానే గోడ చాటునుంచి ఎదుటి పార్టీ వాళ్ళు బాంబులు వేశారు. మొదటి బాంబుకే జనం పొలాల్లో పడ్డారు, జీపులు తిప్పుకుని పోయాయి. నూరీ నిలబడింది. చిన్నాయన మడమలతో తన్నాడట, కళ్ళెం లాగాడట, పేరుపెట్టి బతిమాలాడట. అది అడుగు కదల్లేదు. పెళ్ళి ఊరేగింపుల కోసం దానికి నేర్పింది అదే కదా తమ్ముడూ. దుమ్ములో నడిరోడ్డు మీద తెల్లగుర్రం, దానిమీద ఆ పిల్లవాడు. రెండో బాంబు ఆయన మీదికే వేశారు. ఆసుపత్రి చేరకముందే పోయాడు. ఇరవై ఆరేళ్ళు, పెళ్ళయి ఏడాది కాలేదట. నాకు ఎవరికోసం ఏడవాలో తెలియడం లేదు.

శనివారం దేవపాలు లారీలో వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను. "మామా, పెద్దాయన అడుగుతాండాడు. గుర్రం ఎవరిదని అడిగినాడు, సర్దార్‌దే, పగ్గం ఇంకా మార్చలేదంటిమి. అంత దుడ్లిస్తే పగ్గం ఎందుకు తిప్పి పంపినాడన్యాడు. ముందురోజే వచ్చి గుర్రాన్ని తోలకపోతానని ఎందుకు మొండికేసినాడన్యాడు. బాంబు పడితే కదలకుండా నిలబడే గుర్రాన్ని ఎవరు చెప్తే పంపినాడన్యాడు. నాకు అన్నీ తెలుసు మామా. చెప్పబోతే నన్ను గూడా నీతో కలిపి చూస్తాండారు. ఈడ ఉండాకు, పో."

బావకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై, నేను పోయి పెద్దాయనకు చెప్పుకుంటాను, దాని గుణం అదే అని ముందే చెప్పాను కదా అని బయలుదేరాడు. దేవపాలు, నేను చెరో చెయ్యి పట్టుకుని లారీ ఎక్కించాం. ఇప్పుడు పులివెందులలో వాళ్ళ చెల్లెలు లాల్‌బీ ఇంట్లో ఉన్నాడు. పోలీసు స్టేషనుకు పోదామంటే వీధిలో ఒక్కరు తోడు రాలేదు. పోతే బావ ఎదుటి పార్టీ మనిషని నేనే ఒప్పుకున్నట్టవుతుందన్నారు.

అమీర్, ఒక్కటే దారి కనిపిస్తోంది. నిజం తెలిసిన వాడివి నువ్వు. పగ్గం వద్దన్నదీ, గుర్రాన్ని తెమ్మన్నదీ నువ్వేనని నీ చేత్తో పెద్దాయనకు రాయి. నా మాట ఎవరూ నమ్మరు, పెళ్ళాం కాబట్టి. బావను కాపాడు.

హజరాబీ.


ప్రొద్దుటూరు,
4 నవంబరు 1989.

తమ్ముడూ,

నువ్వు సరేనని రాసిన ఉత్తరం ఈరోజు వచ్చింది. పోస్టుమాన్ మంచి కబురా అమ్మా అని అడిగాడు. అవునన్నాను.

రెండురోజులుగా వీధి మొగలో ఒక జీపు ఆగుతోంది. అందులో వాళ్ళు దిగరు, మాట్లాడరు. నేను నీళ్ళకు పోతే చూస్తారు, వస్తే చూస్తారు. పక్కింటి పీరాంబీ నాతో మాట్లాడడం మానేసింది. ఆమెను తప్పు పట్టలేను, ఆమెకూ కొడుకులున్నారు.

ఇంకొకటి తెలిసింది. ఎదుటి పార్టీ నాయకుడికి పులివెందులలోనే వియ్యంకులున్నారట. సర్దార్ అక్కడికి పోయి దాక్కున్నాడంటే వాళ్ళ పంచన చేరినట్టేనని ఎర్రమిట్టపల్లెలో అంటున్నారట. చెల్లెలింటికి పోవడం కూడా తప్పయిపోయింది. ఏం చేసినా ఇంకో ముడి పడుతోంది. లాల్‌బీ ఇంట్లో ఆయన తలుపు వెనకాల పగలంతా కూర్చుని ఉంటాడట. నూరీకి గాయాలకు మందు ఎవరు వేస్తున్నారో కనుక్కోమని నాకు కబురు పంపాడు.

రాయి అమీర్. తొందరగా రాయి.

అక్క.


కువైట్,
13 నవంబరు 1989.

అక్కా,

నీ ముప్పయ్యో తారీకుది నిన్న అందింది. చదివి అర్బాబు దగ్గరికి పరిగెత్తాను. పాస్‌పోర్టు అడిగాను, కాళ్ళ మీద పడ్డాను. మార్చి దాకా రాసుకున్నావు, మార్చి దాకా ఉండాలన్నాడు. ఫోను చేద్దామంటే మన వీధిలో ఫోనున్నది ఆ బట్టల కొట్టులో ఒక్కచోటే, అది ఎవరి మనిషిదో ఎవరికి తెలుసు. గుర్రాల మధ్య నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

అంతా నేనే చేశాను. మీరు అమ్మబోతే వద్దన్నాను. అమ్మలేదంటే అమ్మారన్నాను. పద్నాలుగు గుర్రాల శాలలో ఉంటూ పరీక్షకు పంపే పద్ధతులన్నీ మీకు పాఠం చెప్పాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. దానికి నిలబడడం నేర్పింది నాయన కూడా కాదు, నేను. దాని ముందు ఉలవల బుట్ట పెట్టి, వెనకాల సరం పేల్చేవాణ్ణి. కదిలితే బుట్ట తీసేవాణ్ణి. మూడు నెలలు పట్టింది. ఊరంతా మెచ్చుకున్నారు. అలాంటి గుర్రాన్ని పార్టీల ఊళ్ళోకి పంపితే ఏమవుతుందో నాకు తట్టాలి కదా, తట్టలేదు.

నువ్వడిగిన కాగితం ఇందులో మడిచి పెట్టాను. నీకు తెలియాలని అందులో ఉన్నది ఇక్కడా రాస్తున్నాను. "ఎర్రమిట్టపల్లె పెద్దాయనకు, ప్రొద్దుటూరు అమీర్ బాషా దండం పెట్టి రాసుకున్నది. తెల్లగుర్రం నాది. సర్దార్‌ది కాదు. పగ్గం తీసుకోవద్దని సర్దార్‌ను ఆపింది నేను. గుర్రాన్ని వెంటనే తెమ్మని తిట్టి పంపింది నేను. శబ్దానికి కదలకుండా నిలబడడం దానికి నేర్పింది నేను. సర్దార్‌కు మా మాట వినడం తప్ప ఏ పాపం తెలియదు. మీకు ఎవరినైనా అడగాలని ఉంటే నన్ను అడగండి." కింద సంతకం పెట్టి, మా అర్బాబు పేరు, చిరునామా కూడా రాశాను. నిజమని నమ్మాలి కదా.

ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా దేవపాలు చేతికివ్వు. నాకోసం భయపడొద్దు. ఏప్రిల్‌కు ఆయన కడుపుమంట కొంచెం చల్లారుతుంది. నేనే పోయి ఆయన కాళ్ళు పట్టుకుంటాను. బావను ఇంటికి తెచ్చుకో.

నీ తమ్ముడు,
అమీర్.


ప్రొద్దుటూరు,
9 డిసెంబరు 1989.

నా తమ్ముడు అమీర్‌కు,

మీ బావ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు పక్కగదిలో నిద్రపోతున్నాడు. నలభై రోజుల తర్వాత కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. ఈ మాట ముందు రాయాలని రాశాను.

నీ కాగితం పోయిన నెల ఇరవై ఏడున అందింది. చదివాను. నాకు చదువు తక్కువే కానీ అందులో ఏముందో తెలియనంత తక్కువ కాదు. మూడురోజులు దాన్ని నా ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టుకున్నాను. ఇచ్చెయ్యాలని తీసేదాన్ని, మళ్ళీ పెట్టేసేదాన్ని. నువ్వు పుట్టినప్పుడు అమ్మకు బాగాలేక నిన్ను ఎత్తుకుని తిరిగింది నేనే. నాలుగోరోజు పులివెందుల నుంచి కబురొచ్చింది, లాల్‌బీ ఇంటి ముందు కూడా జీపు ఆగిందని. దేవపాలును పిలిపించి ఇచ్చేశాను. నువ్వు అడిగావని ఇవ్వలేదు. మొగుడి కోసం ఇచ్చాను. నువ్వు నన్ను క్షమించినా క్షమించకపోయినా అదే నిజం.

దేవపాలు దాన్ని పెద్దాయనకు చదివి వినిపించాడు. మళ్ళీ చదవమన్నాడట. మళ్ళీ చదివాడు. కొడుకు ఫోటో వైపు చూశాడట. తర్వాత దేవపాలుతో ఇలా అన్నాడు. "సర్దార్‌ను ఇంటికి రమ్మను. వానికీ నాకూ ఏమీ లేదు. ఈ రాసినోడు ఎప్పుడొస్తాడో కనుక్కో."

దేవపాలు వచ్చి ఈ మాట చెప్పి, గోడకు ఆనుకుని ఏడ్చాడు. "నేను మంచే జరుగుతాదని చదివినానమ్మా" అన్నాడు. వాడు ఇంక రాడప్పా, అక్కడే ఉండిపోతాడట, అలాగే చెప్పు అన్నాను. చెప్పాడట. పెద్దాయన విని, పెళ్ళి కుదిరినోడు రాకుండా ఉంటాడా అన్నాడట. నీ పెళ్ళి సంగతి కూడా ఆయనకు తెలుసు అమీర్. ఎర్రమిట్టపల్లె వాళ్ళు ఇద్దరు కువైట్‌కు పోయి వచ్చినవాళ్ళే, వాళ్ళకు అక్కడి కబుర్లన్నీ అందుతాయి. నువ్వు ఏ విమానం ఎక్కినా మద్రాసులో దిగేసరికి ఆయనకు తెలుస్తుంది.

నూరీ బాంబు పడిన తొమ్మిదోరోజే ఆ గాయాలతో చచ్చిపోయింది. దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదట. దేవపాలు దొంగతనంగా రెండుసార్లు నీళ్ళు పెట్టాడట.

బావకు నీ కాగితం సంగతి చెప్పలేదు. పెద్దాయన నిజం తెలుసుకున్నాడు, న్యాయమైన మనిషి అని మురిసిపోతున్నాడు. అమీర్ మీద కోపం లేదని రాయి, ఏప్రిల్‌లో వాడి పెళ్ళికి జట్కాను నేనే లాగుతాను అని పొద్దున నవ్వించబోయాడు. నేను బట్టలు ఆరెయ్యాలని మిద్దెమీదికి పోయాను. ఖమ్రున్నీసాకు నేనే చెప్తాను. ఆ పిల్లకు వేరే సంబంధం చూసుకోమని లాల్‌బీకి చెప్తాను. కారణం ఏదో ఒకటి కల్పిస్తాను. ఈసారైనా కల్పించడం నేర్చుకుంటాను.

నువ్వు రావొద్దు. ఏప్రిల్‌లో వద్దు, వచ్చే ఏడు వద్దు, నేను చచ్చానని తెలిసినా వద్దు. నీ రాక కోసం ఎదురుచూస్తున్నామని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. మార్చిలో అర్బాబు కాళ్ళు మళ్ళీ పట్టుకో, ఇంకో రెండేళ్ళకు కాగితం రాయించుకో. నాకు వేరే ధైర్యం లేదు, ఇది ఒక్కటే ఉంది. కువైట్‌లో పార్టీలు లేవు, బాంబులు లేవు. అక్కడ నిన్ను ఎవరూ ఏమీ చెయ్యలేరు. అక్కడే ఉండు తమ్ముడూ.

నీ అక్క,
హజరాబీ.